జీపు తోలినోడు ఏమైనాడు?

తెలుగువాళ్లకు సూపర్‌హీరోలు కొత్తేం కాదు. కాకపోతే మనవాళ్లకు ముసుగులుండవు, అంతే. తొడకొడితే రైలు వెనక్కి పోవడం 2003లోనే ‘పలనాటి బ్రహ్మనాయుడు’లో జనం చూసేశారు. అంతకుముందు నుంచే... 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’. ఆ ఐదారేళ్లూ తెరమీద రాయలసీమ అంటే ఎర్రమట్టి, తెల్ల సుమోలు, దెబ్బకు గాల్లోకి లేచే మనుషులు. కోర్టులు చేయలేని పని, పోలీసులు చేయలేని పని ఒక్క మగాడు చేసేస్తాడు. అమెరికావాళ్లు అలాంటివాడికి గబ్బిలం బొమ్మ తగిలించారు. మనం మీసం తగిలించాం!

ఆ సినిమాలకు అనంతపురంలోనూ ఈలలే. తెరమీద ఉన్నది తమ ఊరు కాదని అక్కడివాళ్లకు తెలుసు కాబట్టి హాయిగా ఈల వేశారు. ఆ సినిమాల్లో హీరో ఇంటి ముందు వందమంది బారులు తీరి భోంచేస్తుంటారు. వాన మొహం చాటేసి, వేసిన విత్తనం వేసినట్టే మాడిపోయిన చేను మాత్రం ఒక్క సీనులోనూ కనబడదు. అది ఏ సీమో మరి!

2010లో ఆ వీలు లేకుండా పోయింది. రామ్‌గోపాల్‌వర్మ ‘రక్తచరిత్ర’ తీశాడు. పేర్లు కాస్త అటూ ఇటూ మార్చినా ఎవరు ఎవరన్నది జిల్లాలో చంటిపిల్లాడికీ తెలుసు. సినిమా ఒక్కదానికి సరిపోనంత పొడుగు రావడంతో రెండు ముక్కలు చేశారు. మొదటిది అక్టోబరు 22న, రెండోది డిసెంబరు 3న వచ్చాయి. మధ్యలో ఆరు వారాలు.

ఆ రెండో భాగాన్ని అనంతపురంలో, సొంత తండ్రి పక్కన కూర్చుని చూసిన ఒక కుర్రాడి కథ ఇది. ఇప్పుడు కుర్రాడేం కాదు, నలభై దాటాయి. ధర్మవరం అవతల, రామగిరి కొండల మీది గాలిమరలు కనిపించేంత దూరంలో వాళ్ల పల్లె. ఆ పల్లె 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. అప్పట్లో అనంతపురం జిల్లానే. అతని పేరుతో పనిలేదు.

ఇంజినీరింగ్ అయ్యాక అందరిలాగే అతనూ బెంగళూరు బస్సెక్కాడు. అనంతపురం నుంచి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. అప్పటి ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 44. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2008 జులైలో ఆఫీసు స్నేహితులు మల్టీప్లెక్సుకు తీసుకెళ్లారు. ‘ది డార్క్ నైట్’. క్రిస్టఫర్ నోలన్ తీసిన బ్యాట్‌మ్యాన్ సినిమాల్లో రెండోది. జోకర్ వేషం వేసిన హీత్ లెడ్జర్ ఆ జనవరిలోనే చనిపోయాడు. మర్నాటేడు ఆస్కార్ ఇస్తే కుటుంబసభ్యులు అందుకున్నారు. ఆ సినిమా చూసి పక్కవాళ్లంతా జోకర్ నవ్వు గురించి మాట్లాడుకుంటుంటే, అతనికి మాత్రం ఇంకోటి పట్టుకుంది.

బ్యాట్‌మ్యాన్‌కు మాయలు రావు. ఎగరలేడు. చిన్నప్పుడు కళ్లముందే అమ్మానాన్నల్ని కాల్చేస్తే, ఆ పిల్లాడు పెద్దయి ఊరిని బాగుచేయడానికి చట్టం బయట నిలబడతాడు. అదీ మూలకథ. ‘తండ్రిని చంపారు, కొడుకు బయల్దేరాడు’. గోథమ్ అన్నారు గానీ ఈ కథ నాకు ఏడు మండలాల్లో తెలుసు అని స్నేహితులతో అన్నాడట. వాళ్లు జోకనుకుని నవ్వారు.

జోకు కాదు. 1975లో పరిటాల శ్రీరాములు హత్య జరిగింది. ఆయన కొడుకు రవి తర్వాత పెనుకొండ ఎమ్మెల్యే అయ్యాడు, మంత్రీ అయ్యాడు. 1993లో మద్దెలచెరువులో సూరి ఇంట్లో టీవీలో పెట్టిన బాంబు పేలి ఆయన కుటుంబసభ్యులు చనిపోయారు. 1997 నవంబరు 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కారుబాంబు పేలింది. రవి గాయాలతో బయటపడ్డాడు. 26 మంది పోయారు. వాళ్లలో వార్త కోసం కెమెరా పట్టుకొచ్చిన టీవీ సిబ్బందీ ఉన్నారు. ఆ రోజు అక్కడ జరుగుతున్నదేమిటో తెలుసా? ఓ సినిమా ప్రారంభోత్సవం. శ్రీరాములు జీవితం మీద తీస్తున్న ‘శ్రీరాములయ్య’కు. ఆ కేసులో సూరి జైలుకెళ్లాడు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయంలోనే రవిని కాల్చి చంపారు. సినిమా, పగ అక్కడ ఒకదాని వెంట ఒకటి తిరిగాయి.

* * *

2010 డిసెంబరు మొదటి ఆదివారం అతను ఊళ్లోనే ఉన్నాడు. శనక్కాయ కోతలైపోయి కాయ మండీకి పోయే రోజులు. పల్లెలో చేతిలో నాలుగు రూపాయలాడేది ఆ రెండు నెలలే. టౌన్‌లో ఉన్న స్నేహితుడు ఫోన్‌చేసి ఫస్ట్‌షోకు టికెట్లున్నాయన్నాడు. అక్టోబరులో మొదటి భాగం వచ్చినప్పుడు ‘మనకెందుకురా ఆ గొడవ’ అన్న తండ్రి, ఈసారి ఎందుకో చొక్కా తొడుక్కున్నాడు.

అమ్మను అడిగితే చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.

‘‘మేం చూసినాంలే నాయనా. మీరు పోండి.’’

గేటు దగ్గర ఇద్దరు పోలీసులు. లోపల నేల నుంచి బాల్కనీ దాకా కిటకిట. ఆడవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. విచిత్రమేంటంటే ఈలలు రెండువైపులా పడ్డాయి. ప్రతాప్ రవిగా వివేక్ ఒబెరాయ్ కనబడితే ఒక మూల నుంచి, సూర్య కనబడితే ఇంకో మూల నుంచి. సూర్య అంటే ‘గజిని’ సూర్య. తెలుగులో బోలెడుమంది అభిమానులు. మొదటి భాగంలో రవి బాధ చూసి కళ్లు తుడుచుకున్న జనమే, రెండో భాగంలో ఆ రవి మీద పగబట్టినవాడి బాధకూ కళ్లు తుడుచుకోవాలి. ఆరు వారాల్లో హీరో విలన్ అయ్యాడు. విలన్ అనుకున్నవాడికీ ఓ తల్లి, ఓ తండ్రి, కాలిపోయిన ఇల్లు ఉన్నాయని తేలింది.

‘డార్క్ నైట్’లో హార్వీ డెంట్ అని ఓ న్యాయవాది ఉంటాడు. మంచివాడే. సగం మొహం కాలిపోయాక నాణెం ఎగరేసి మనుషుల చావుబతుకులు తేలుస్తాడు. నాణేనికి ఓవైపు శుభ్రం, ఓవైపు మసి. వర్మ సినిమాలో నాణెం లేదు. రెండు టికెట్లున్నాయి.

చీకటి ఫ్రేములు, కింద నుంచి పైకి చూసే కెమెరా, చెవులు పగిలే సంగీతం... హాలీవుడ్‌లో అలాంటి చీకటిని ఓ శైలిగా వాడతారు. రంగురంగుల బొమ్మల పుస్తకం నుంచి వచ్చిన హీరోని నమ్మించాలంటే కాస్త మసి పూయాలి మరి. అనంతపురం హాల్లో కూర్చున్నవాళ్లను నమ్మించాల్సిన పనిలేదు. వెనక వరసలో ఒకాయన ‘ఆ రోడ్డు ఇట్లుండదప్పా, మలుపు ఇంకా ముందర ఉంటాది’ అని కరెక్షన్లు చెబుతున్నాడు.

సినిమాలో బాంబు దాడి వచ్చింది. బండ్లు లేచాయి, మంట, పొగ, అరుపులు. పొగలోంచి నాయకుడు లేచి నిలబడ్డాడు. హాలు దద్దరిల్లింది. ఆ గోలలో తండ్రి కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

‘‘ఏమ్రా... జీపు తోలినోడు ఏమైనాడు?’’

‘‘ఎవరు నాయనా?’’

‘‘అదే, బండి తోల్తాండె గదా. వాడు.’’

తెరమీద అప్పటికే తర్వాతి సీను.

* * *

అతనికి మేనమామ ఒకాయన ఉండేవాడు. అమ్మకు తమ్ముడు. ఎనిమిదెకరాల మెట్ట. అనంతపురం జిల్లాలో ఎనిమిదెకరాలంటే కోస్తావాళ్లు ఆసామీ అనుకుంటారు. ఇక్కడ ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే దులిపేసుకుని వస్తాయి. ఈశాన్యం మేఘాలు తూర్పు తీరం నుంచి ఇక్కడిదాకా రావు. అందుకే దేశంలో జైసల్మేర్ తర్వాత ఇదే అని బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. పోనీ ఆ 550 అయినా సమయానికి పడుతుందా అంటే అదీ లేదు. జూన్, జులైల్లో విత్తితే మొలక బాగానే వస్తుంది, పువ్వూ వస్తుంది. ఊడలు దిగేటప్పుడు ఒక్క వాన పడాలి. అప్పుడే ఆగిపోతుంది. ఊడ గట్టినేల లోపలికి దిగలేక పైనే ఎండిపోతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే కాయ ఉండదు. అప్పు మాత్రం ఉంటుంది.

అలా వరసగా రెండేళ్లు ఆ మామకు కాయ లేదు. మండీకి శనక్కాయ తోలే లారీ మీద క్లీనరుగా చేరి, డ్రైవింగ్ నేర్చుకున్నాడు. చేయి మంచిదని పేరొచ్చింది. ఓ నాయకుడు జీపుకు డ్రైవరు కావాలన్నాడు. ఈ కథకూ పైన చెప్పిన పేర్లకూ సంబంధం లేదు. అది జిల్లాలోనే వేరే మూల, వేరే తగాదా. ఆ రోజుల్లో అలాంటివి చాలానే ఉండేవి. నెల జీతం. విత్తనాల అప్పు ఒకేసారి కట్టేశాడు నాయకుడు. ‘నేను కొట్లాటకు పోలేదు, స్టీరింగ్ పట్టుకోను పోయినా’ అనేవాడట మామ. వారంలో నాలుగు రాత్రులు అక్కడే పడక. ఇంటికొస్తే పిల్లలకు బొరుగులు, మిఠాయి.

అతను ఆరో తరగతిలో ఉండగా ఓ రోజు కల్వర్టు కింద పెట్టిన బాంబు, జీపు ముందుచక్రం మీదకు రాగానే పేలింది. ఆ రోజు నాయకుడు జీపులో లేడు. ముందురోజే వేరే బండిలో వెళ్లిపోయాడు. మర్నాడు పేపర్లో నాలుగు వాక్యాల వార్త. ఫలానా నాయకుడికి తప్పిన ముప్పు, ముగ్గురు అనుచరుల మృతి. మామ పేరు ఉంది గానీ తప్పు పడింది. అక్క అయిన ఆ ఇల్లాలికి ఎక్కువ బాధ కలిగించింది పేరు తప్పు కూడా కాదు.

‘‘అనుచరుడు ఏంది? డ్రైవరు అని రాయలేరా?’’

చాలా ఏళ్లు అదే మాట. లైసెన్సు ఉంది, చూపిస్తానంటుంది ఎవరొచ్చినా. ఆ లైసెన్సు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది.

బ్యాట్‌మ్యాన్ విషయంలో ఓ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బండి తనే నడుపుకొంటాడు. అంత కోటీశ్వరుడు, ఇంట్లో ముసలి నౌకరు ఉన్నాడు, అయినా రాత్రి పనికి డ్రైవర్‌ని పెట్టుకోడు. చస్తే తనే చస్తాడు. సీమలో ఏ నాయకుడైనా స్టీరింగ్ ముందు కూర్చున్నాడా?

ఇంటర్వెల్‌లో బయట మిరపకాయ బజ్జీ తింటూ తండ్రీకొడుకులు మొదటిసారి మామ గురించి మాట్లాడుకున్నారు. పద్నాలుగేళ్ల తర్వాత. ఎక్కువేం కాదు. ఆ పొద్దు కబురు తెచ్చింది ఎవరు, జీపు ఎంత దూరంలో పడింది, శవాన్ని పోలీసులు ఎప్పుడిచ్చారు... అలాంటివి. తండ్రి చేతిలో బజ్జీ చల్లారిపోయింది. బెల్లు కొట్టారు. ‘పోదాం పా, టికెట్టుకు డబ్బులిచ్చినాం గదా’ అన్నాడు.

రెండో సగం అయ్యాక హాల్లోంచి జనం మామూలుగా బయటికి రాలేదు. ఈలలు వేసిన మూలలు రెండూ చల్లబడ్డాయి. ‘సమరసింహారెడ్డి’ చూసొస్తే కుర్రాళ్లు స్టాండులో సైకిళ్ల మీదే తొడకొట్టేవాళ్లు. ఈసారి ఎవరి బండి వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. అంతమాత్రాన జనం మారిపోయారని రాస్తే అబద్ధమే అవుతుంది. వర్మ సినిమా గొప్పదా అంటే అదీ కాదు. రక్తం మీద ఉన్న ప్రేమ మనుషుల మీద లేదనిపిస్తుంది చాలాచోట్ల. పగబట్టిన ఇద్దరికీ బాల్యం ఇచ్చాడు, కన్నీళ్లిచ్చాడు, వ్యాఖ్యానం ఇచ్చాడు. వాళ్ల పక్కన చచ్చినవాళ్లకు ఓ పేరైనా ఇవ్వలేదు. గోథమ్‌లో ఒక్కడే బ్రూస్ వేన్ కాబట్టి మూడు సినిమాల్లో కథ తేలింది. ఒకే తాలూకాలో తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు ఇంటికొకడు ఉంటే?

సినిమా విడుదలై సరిగ్గా నెల. 2011 జనవరి 3. హైదరాబాద్‌లో కారులో వెళ్తున్న సూరిని కాల్చి చంపారన్న వార్త టీవీలో స్క్రోలింగ్ వచ్చింది. చంపింది దగ్గరి అనుచరుడేనని తేల్చిన కోర్టు 2018లో అతనికి జీవితఖైదు వేసింది. ఆ సాయంత్రం బెంగళూరు ఆఫీసులో ఎవరో ‘అయితే పార్ట్ త్రీ ఉంటుందన్నమాట’ అన్నారట. అతను కంప్యూటర్ మూసేసి లేచొచ్చాడు.

* * *

పార్ట్ త్రీ సంగతి అతనికంటే అతని అత్తకు బాగా తెలుసు. జీపు మామ పెళ్లాం.

ఆమె కొడుకు పదహారేళ్లవాడైనప్పుడు ఓ రాత్రి నాయకుడి మనుషులు ఇంటికొచ్చారు. మర్యాదగానే వచ్చారు. మంచినీళ్లు తాగారు. పిల్లాడి భుజం మీద చేయివేసి, ‘మీ నాయనను సంపినోళ్లు టౌన్‌లో మిద్దెలు కట్టుకోనుండారు. నీకేం అనిపించదా అబ్బీ?’ అన్నారు. ఖర్చులు చూసుకుంటామన్నారు. ఒక వేషం ఖాళీగా ఉంది, వీడికి సరిపోతుంది. వీడి దగ్గర కథ కూడా ఉందాయె!

పిల్లాడు ఏమీ అనలేదు. మొహం మాత్రం ఎర్రబడింది. తల్లి అది చూసింది.

తెల్లారకముందే మెడలోని గొలుసు చీరకొంగున కట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని ధర్మవరం పోయింది. పట్టుచీరల ఊరు కాబట్టి పొద్దున్నే తాకట్టు దుకాణాలు తెరుస్తారు. ఆ డబ్బుతో బెంగళూరు బస్సెక్కించింది. అక్కడ ఓ దూరపు బంధువు గ్యారేజీలో పని. ‘పెండ్లికి పిలిచినా ఊరికి రావద్దు’ అని చెప్పి, బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకునే ఉందట. నాయకుడి మనుషులు మళ్లీ వస్తే, ‘వాడు నా మాట ఇనలేదు, యాడికో పోయినాడు’ అని వాళ్ల ముందే కొడుకును తిట్టిపోసింది. ఆరేళ్లు అలా తిడుతూనే ఉంది. కొడుకును చూడాలనిపిస్తే తనే బెంగళూరు వెళ్లొచ్చేది, తిరుపతి పోతున్నానని చెప్పి.

ఇలాంటి పని చేసిన తల్లుల్ని ఏ సినిమావాళ్లూ అడగరు. ఇందులో ఫైటు లేదు కదా.

ఆ కుర్రాడు గ్యారేజీ నుంచి డ్రైవింగ్‌లోకి వచ్చాడు. ‘వద్దురా, మీ నాయన కూడా అదే’ అని తల్లి ఏడ్చినా వినలేదు. ఆ ఒక్క విషయంలోనే ఆమె మాట కాదన్నాడు. 2008లో దేవనహళ్లిలో కొత్త విమానాశ్రయం వచ్చాక క్యాబ్ కొనుక్కున్నాడు. రాత్రిళ్లే ఎక్కువ డ్యూటీలు. ‘రక్తచరిత్ర’ రెండు భాగాల్లో ఏదీ ఈరోజుకీ చూడలేదు. టీవీలో వస్తే ఛానల్ మారుస్తాడు. బ్యాట్‌మ్యాన్ అంటే మాత్రం పిచ్చి. ఇంగ్లిష్ అంతంతమాత్రం, అయినా బండి సీను వస్తే సౌండు పెంచుతాడు. ‘ఆ టైర్లు చూడు బావా, ముందర రెండు, వెనక నాలుగు!’

2012 జులైలో ‘ది డార్క్ నైట్ రైజెస్’ వచ్చినప్పుడు బావను పట్టుబట్టి లాక్కెళ్లింది వాడే. ఆఖర్లో బ్యాట్‌మ్యాన్ అణుబాంబును తన ఎగిరే బండికి కట్టుకుని సముద్రం మీదకు పోతాడు. పేలిపోతుంది. ఊరంతా ఏడుస్తుంది, విగ్రహం పెడతారు. హాల్లోనూ నిశ్శబ్దం. పక్కసీట్లో వీడు కదలకుండా కూర్చున్నాడు. చీకట్లో వాడివైపు చూడడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

అప్పుడొస్తుంది అసలు సంగతి. ఆ బండిలో ఆటోపైలట్ పనిచేయదని మొదట్నుంచీ చెబుతుంటారు. చూస్తే ఆరు నెలల కిందటే దాన్ని బాగుచేసి పెట్టుకున్నాడు. అంటే బండి దానంతటదే పోయింది, లోపల ఎవరూ లేరు!

‘‘బావా... చూసినావా? తోలేటోడు లేడు బండ్లో!’’ వాడు సీట్లోంచి లేచి నిలబడి అరిచాడు. వెనకనుంచి కన్నడంలో ఎవరో కూర్చోమని కసిరారు. కూర్చున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు.

పేర్లు పడుతుండగానే వాడి ఫోన్ మోగింది. ఎయిర్‌పోర్టు డ్రాప్. గంటలో ఇందిరానగర్‌లో ఉండాలి.